పసుపు పూసిన పైపు

పోయిన వారం శ్యామలను వంటింట్లో, చేతిలో లైటరుతో, ముఖం మీదికి భుగ్గున లేచిన మంట ముందు నిలబెట్టి మన దారిన మనం వెళ్లిపోయాం. "ఆడకూతురిని అట్లా వదిలేసి పోవడానికి మీకు మనసెట్లా ఒప్పిందండీ" అని కమ్మర్‌పల్లి నుంచి ఒక అక్క కోపంగా కార్డు రాసింది. ఆ కోపం న్యాయమైనదే. ఏం చేస్తాం, పేజీ అక్కడితో అయిపోయింది. శ్యామలకేమీ కాలేదు అక్కా. ముంగురులు కాలాయి, ఎడమ కనుబొమ్మ సగం పోయింది, కుడిచేతి వేళ్లు మూడు ఎర్రగా కమిలాయి. ఆమె కంటే ఆమె అత్త లసుమవ్వే ఎక్కువ అరిచింది.

కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు. శ్యామల ఆర్మూర్‌లో, పెర్కిట్‌కు పోయే దారిలో, అత్తతోనూ తొమ్మిదేళ్ల కూతురు దీపతోనూ ఉంటుంది. మొగుడు భూమేష్ ఖతార్‌లో ఒక గ్యాస్ కంపెనీలో పని చేస్తాడు. రెండేళ్లకొకసారి సెలవు మీద రావలసిన మనిషి నాలుగేళ్లయినా రాలేదు. ప్రతి శుక్రవారం ఫోను మాత్రం తప్పకుండా చేస్తాడు. దీపకు రెండు నెలలుగా ఆయాసం. పడుకుంటే ఛాతీలో పిల్లికూతలు. దవాఖానలో డాక్టరమ్మ ఆ పిల్ల వీపు మీద గొట్టం ఆనించి విని, మందు రాయకముందే "వంటింటికి కిటికీ ఉన్నదా?" అని అడిగింది. "ఉన్నది మేడం" అంది శ్యామల. కిటికీ ఉన్నమాట నిజమే. దానికి నాలుగేళ్లుగా వెలుతురు సోకలేదన్న సంగతి ఆమె చెప్పలేదు.

"కట్టెల పొయ్యి పొగ కండ్లకు కనవడ్తది గాబట్టి లేచి బయటికి పోతం" అంది డాక్టరమ్మ చీటీ రాస్తూ. "గ్యాసు మంటది కనవడది. మూసిన రూంల అది సుత పిల్లల ఊపిరిని పాడు చేస్తది. కిటికీ తెరిచి వండమ్మా."

సరేనని తలూపి వచ్చింది. వచ్చి మళ్లీ ఆ మూసిన కిటికీ ముందే వండింది. ఆ మర్నాడే మంట భుగ్గుమంది. ఇదీ కథ.

మరి అంత తెలివి తక్కువదా శ్యామల అంటే కాదు. మార్కెట్టులో ఎనిమిదేళ్లుగా పసుపు ఏరే పనికి పోతోంది. కొమ్మును చేతిలోకి తీసుకోగానే అది ఎన్ని రోజులు ఎండిందో చెప్పగలదు. సేట్లు కూడా ఆమె మాట వింటారు. తెలివి ఉంది, దాన్ని ఆ వంటింటి గడప దగ్గర విడిచి లోపలికి పోతుంది.

ఎందుకంటే ఆ వంటింటిని భూమేష్ సర్దాడు. నాలుగేళ్ల కింద నలభై అయిదు రోజుల సెలవు మీద వచ్చినప్పుడు, వచ్చిన మూడో రోజే గ్యాసు పొయ్యి తెచ్చాడు. అప్పటిదాకా మక్క చొప్ప, కట్టెపుల్లలు, అత్త దగ్గు, కోడలి కన్నీళ్లు. పొయ్యి తెచ్చి, గట్టు కట్టించి, కిటికీ రెక్కలకు మేకులు కొట్టి, దాని ముందు బల్ల వేసి, "పసుపు సంచులు గిక్కడ పెట్టుండ్రి, వానజల్లు తగలది" అన్నాడు. ఆ రోజు నుంచి ఏటా ఉడకబెట్టి ఎండబెట్టిన పసుపు, అమ్ముడుపోయేదాకా ఆ బల్ల మీదే ఉంటుంది. ఈ ఏడు పదకొండు సంచులు. వేరే అర్రలో చోటు లేక కాదు. ఆయన చూపించిన చోటు అది.

ఇక పైపు. సిలిండరుకూ పొయ్యికీ నడుమ ఉండే రబ్బరు పైపు. పొయ్యి వైపు కొసన దాన్ని సన్నని ఇనుప తీగతో మూడు చుట్లు చుట్టి, మెలిపెట్టి బిగించి ఉంది. "నేనే బిగించిన, పదేండ్లయినా ఊడది" అని భూమేష్ గొప్పగా చెప్పాడు. అన్నం ఉడికేలోగా ఆ మెలికను చూపుడు వేలితో తడమడం శ్యామలకు అలవాటయింది. ఆయన వేళ్లు తాకిన చోటు ఇంట్లో ఇంకెక్కడ మిగిలింది? చొక్కాలు ఉతికితే పోయాయి, మంచం నులక మార్చారు. ఆ ముడి మాత్రం అట్లాగే ఉంది. పొద్దున ఒకసారి, మాపటికి ఒకసారి దాన్ని తాకితే ఆయనను పలకరించినట్టు ఉండేది. సిగ్గుపడాల్సిన సంగతే, కానీ ఎవరూ చూడలేదు కాబట్టి సిగ్గుపడలేదు.

గ్యాసాఫీసు వాళ్లు రెండుసార్లు పైపు మార్చుకొమ్మని చెప్పారు. రెండుసార్లూ ఆమె "మార్చినం" అంది. నిరుడు పైపు మీద సన్నగా పగుళ్లు కనిపించాయి. ఆర్మూర్ ఆడమనిషి పగులు కనిపిస్తే ఏం చేస్తుంది? మడమ పగిలినా, కొడవలి తెగినా, గొడ్డుకు కొమ్ము దెబ్బ తగిలినా ఏం చేస్తుందో అదే చేసింది. నూనెలో పసుపు కలిపి పైపుకు పట్టించింది. అది ఆరి పెచ్చుకట్టేసరికి మానిందని నమ్మింది. ఆ తర్వాత ప్రతి శుక్రవారం సిలిండరుకు బొట్టు, పైపుకు పసుపు. వాసన రాలేదా అంటే, పదకొండు సంచుల పసుపు ఉన్న ఇంట్లో, రోజంతా పసుపు దుమ్ములో కూర్చునే మనిషి ముక్కుకు ఇంకో వాసన ఎట్లా తెలుస్తుంది?

ఒక్క ముల్లు మాత్రం ఆమె మనసులో ఈ నాలుగేళ్లూ ఉండిపోయింది. ఆ నలభై అయిదు రోజులూ, ఆమె లైటరు చేతిలోకి తీసుకోగానే భూమేష్ లేచి వాకిట్లోకి పోయేవాడు. నవ్వుతూ మాట్లాడుతున్నవాడు మాట మధ్యలో ఆపి పోయేవాడు. "ఏడికి?" అంటే "బీడీ తాగొస్త" అనేవాడు. వంట అయిపోయి పొయ్యి ఆరిపోయాకే వచ్చేవాడు. దూరదేశంలో ఉండి ఉండి నేనంటే మొహం మొత్తిందేమో అనుకుంది శ్యామల. నల్లబడ్డానేమో అనుకుంది. అడగలేదు. అడిగితే అవునంటాడేమోనని భయం.

*

ఈ శుక్రవారం పొద్దున్నే లసుమవ్వ చెప్పులైనా వేసుకోకుండా గ్యాసాఫీసుకు నడిచిపోయింది. వరుసలో నిలబడ్డవాళ్లందరినీ దాటుకుని పోయి బల్ల మీద చెయ్యి కొట్టి, "నా కోడలు కాలి సచ్చినంక వస్తరా?" అని అడిగింది. వరుసలో ఉన్నవాళ్లు కూడా ఆమెకే వత్తాసు పలికారు. పది గంటలకల్లా మెకానిక్కు జాన్‌ను వెంటపెట్టుకుని వచ్చింది. అతను మోపెడ్ మీద నెమ్మదిగా, ఆమె ముందు నడుస్తూ.

జాన్‌కు ముప్పై అయిదేళ్లుంటాయి. భూమేష్‌తో పాటు అదే కంపెనీలో, ఒకే గదిలో రెండేళ్లు ఉండి వచ్చినవాడు. నాలుగేళ్ల కిందే వచ్చేసి మళ్లీ పోలేదు. ఒకప్పుడు భూమేష్‌ను అన్నా అని పిలిచి ఈ ఇంట్లో చాయ్ తాగినవాడే, ఇప్పుడు బజారులో శ్యామల ఎదురుపడితే తల దించుకుని పక్కకు తప్పుకుంటాడు. ఎందుకో శ్యామలకు అంతు పట్టలేదు. అతను వస్తున్నాడని చూసి ఆమె చీర కొంగు నుదుటి మీదికి లాక్కుంది, కాలిన కనుబొమ్మ కనబడకుండా.

గడప దగ్గర నిలబడి జాన్ ఒకసారి గాలి పీల్చాడు. ముఖం మారిపోయింది.

"వదినె, లైటు స్విచ్చి ముట్టకు" అన్నాడు. "దీపను తీస్కొని అవ్వను వాకిట్ల కూసొమ్మను."

లోపలికి పోయి ముందు సిలిండరు కట్టేశాడు. వెనక తలుపు బార్లా తెరిచి కాసేపు ఆగాడు. సబ్బు నీళ్లు అడిగాడు. శ్యామల చెంబులో కలిపి తెచ్చేసరికి అతను పైపును చూస్తూ కూర్చుని ఉన్నాడు.

"గిదేంది వదినె?"

"పసుపు."

"పసుపని ఎరుకనే. పైపుకెందుకు పూసినవ్?"

"పగిలింది."

"పగిల్తే?"

"పగిల్తే పసుపు పెట్టరా?"

జాన్‌కు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నవ్వలేదు, అది మంచిదయింది. గోటితో ఆ పెచ్చును గీకాడు. కింద రబ్బరు నల్లగా, ఎండిన నేలలా నెర్రెలిచ్చి ఉంది. సిలిండరు కొంచెంగా తిప్పి, సబ్బు నీళ్లు పోశాడు. మూడు చోట్ల బుడగలు లేచాయి. పసుపు రంగు బుడగలు. ఒకటి పెరిగి పెరిగి పగిలింది, దాని చోట ఇంకొకటి లేచింది. సిలిండరు మళ్లీ కట్టేశాడు.

"మొన్న భుగ్గుమన్నది గిదే. పిల్ల పీల్చిన గాలి సుత గిదే" అన్నాడు. "పసుపు పెడ్తే తోలు మాన్తది వదినె, రబ్బరు మాన్తదా? గీ కిటికీ సుత మూస్తిరి. కారిన గ్యాసు ఏడికి పోవాలె?"

సంచిలోంచి కొత్త పైపు, నారింజ రంగుది, బయటికి తీశాడు. కత్తెర కూడా తీశాడు. అప్పుడు శ్యామల ముందుకు వచ్చి ఆ తీగ ముడి మీద తన చెయ్యి పెట్టింది. కమిలిన వేళ్లు మండుతున్నా తీయలేదు.

"పైపు నీ ఇష్టమున్నకాడ కోసుకో జాన్. గీ ముడి ముట్టకు."

"ముడి తియ్యకుంటె కొత్త పైపు ఎట్లెక్కుతది?"

"ఎక్కకుంటె ఎక్కకపాయె. కట్టెల పొయ్యి మీద వండుకుంట. గీ ముడి ఆయన ఏసిండు. ఆయన వచ్చి ఆయన చేతుల్తోనే ఇప్పాలె."

వాకిట్లో దీప దగ్గింది. పొడి దగ్గు, ఆ వెంటే పిల్లికూత. అక్కడి నుంచే లసుమవ్వ ఏదో అనబోయి ఆగిపోయింది. కొడుకు పేరు చెప్పి కోడలు పట్టుబడితే ఆ ముసలి మనిషికి కూడా నోరు రాదు. వంటింట్లో ఇద్దరికీ వినబడేంత స్పష్టంగా దీప మళ్లీ దగ్గింది. శ్యామల కళ్లలో నీళ్లు తిరిగాయి, చెయ్యి మాత్రం ముడి మీదే ఉంది. బిడ్డ ఊపిరి ఒక పక్క, మొగుడి ముడి ఒక పక్క. ఎటు తేల్చుకోవాలో ఆమెకు తెలియక కాదు, తెలిసీ చెయ్యి లేవడం లేదు.

జాన్ కత్తెర కింద పెట్టేశాడు. చాలాసేపు ఆ ముడినే చూశాడు. తర్వాత, ఎన్నాళ్లుగానో మోస్తున్న మూటను దించినట్టు, మెల్లగా అన్నాడు.

"వదినె, గా ముడి అన్న ఏసింది గాదు. నేనేసిన."

"అబద్ధం."

"దేవుని తోడు."

"పైపు కోసెతందుకు అబద్ధమాడుతున్నవ్. ఆయన నాకు సొంత నోటితోని చెప్పిండు."

 జాన్ సంచిలోంచి తీగ ముక్క ఒకటి తీసి, కొత్త పైపు కొసకే చుట్టడం మొదలుపెట్టాడు. ఎడమ చేత్తో. మూడు చుట్లు. మెలిక ఎడమ వైపుకు తిప్పాడు. కొసను లోపలికి వంచి, "పిల్లలకు గుచ్చుకుంటదని గిట్ల ఒంపుత" అన్నాడు. దాన్ని తెచ్చి పాత ముడి పక్కన పెట్టాడు. రెండూ ఒకటే. మూడు చుట్లు, ఎడమ మెలిక, లోపలికి వంగిన కొస. భూమేష్‌ది కుడిచేతి వాటం. తలుపు గొళ్లెమైనా, కోడిమెడైనా ఆయన కుడివైపుకే తిప్పేవాడు. నాలుగేళ్లు వేలితో తడిమిన మనిషికి ఆ మెలిక ఎటు తిరిగిందో ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

శ్యామల చెయ్యి తీసేసింది. నిప్పు మీద పెట్టిన చెయ్యి తీసినట్టు తీసేసింది. ఇన్నాళ్లూ పొద్దునా మాపూ ఎవరినో పలకరించానన్న సిగ్గు, మోసపోయానన్న కోపం, వాటి కింద పెద్ద దిగులు, అన్నీ ఒకేసారి వచ్చాయి. గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

"మరి ఆయనెందుకు గట్ల చెప్పిండు?"

జాన్ కూడా నేల మీద కూర్చున్నాడు. లసుమవ్వ గడపలోకి వచ్చి నిలబడింది.

"గాడ గ్యాసు ఎట్లుంటదో నీకు ఎరుకలేదు వదినె. సముద్రం కిందికెల్లి తీస్తరు. అక్కరకు రానిదాన్ని పొడుగు గొట్టం మీదికెల్లి మొగులుకు ఇడిసి కాలబెడ్తరు. గా మంట ఆరేది ఉండది. పొద్దూ మాపూ తేడా లేదు. ఎన్ని ఊర్లు వండుకుంటయో గా మంటతోని. దాని కింద మేం పని చేసినం. పైన ఎండ, దాని మీద మంట."

"అందుకే గావచ్చు గీ మొగులుకు మతి తప్పింది" అంది లసుమవ్వ. "పసుపు ఎండవోస్తే వాన కొట్టె. ఆడ మొగులును కాలబెడ్తే ఈడ మొగులు ఊకుంటదా?"

"నవ్వులాటకు గాదవ్వా, గాడి ఇంజనీర్లు సుత గదే మాట అంటుండె. గ్యాసు కాలినా, కాలక గాలిల కలిసినా భూమి కాగుతనే ఉంటదట." జాన్ శ్యామల వైపు తిరిగాడు. "ఒకపొద్దు వాల్వు కాడ గ్యాసు కారింది. మన సిలిండరుదైతే కారితే ఎరుకగావాలెనని వాసన కలుపుతరు. గాడ గా గొట్టంల వాసన లేదు. మేం ముగ్గురం ఉంటిమి. మంట లేసింది. ఇద్దరం బయటికొచ్చినం."

 చెంబులోని సబ్బు నీళ్లను వేలితో కలిపాడు.

"మూడో మనిషి?" అంది శ్యామల.

"గది నేను చెప్పేది గాదు వదినె. అన్ననే చెప్పాలె." "అప్పటిసంది అన్న అగ్గిపుల్ల గీసెటోడు గాదు. లైటరు చప్పుడైతే ఉలిక్కిపడుతుండె. బీడీ సుత మానిండు."

బీడీ మానేశాడు. ఆ నలభై అయిదు రోజులూ వాకిట్లోకి బీడీకని పోయి వచ్చిన మనిషి దగ్గర ఒక్కనాడైనా బీడీ వాసన వచ్చిందా? రాలేదు. చెమట వాసన వచ్చేది. ఎండలో నిలబడి వచ్చాడనుకునేది. చేతులు చల్లగా ఉండేవి. నీళ్లతో కడుక్కున్నాడనుకునేది. పక్కనే ఉండి ఎంత తప్పుగా లెక్కగట్టింది!

"సెలవు మీద వచ్చి పొయ్యి తెచ్చిండు గని బిగించనీకె చెయ్యి ఆడలే" అన్నాడు జాన్. "మీరిద్దరు పసుపు ఏరబోయిన దినం నన్ను పిలిచిండు. నేను బిగిస్తున్నంత సేపు గా గడప కాడ నిలవడ్డడు. క్లిప్పు తెస్తనంటె సుత ఆగలే, తీగతోని కట్టెయ్యి, జల్ది జల్ది అన్నడు. గ్యాసు కంపెనీల పని చేసెటోడు గ్యాసు పొయ్యికి భయపడ్తడంటె శ్యామల నవ్వుతది, చెప్పకురా అన్నడు."

"గంత భయమున్నోడు పొయ్యి ఏంటికి తెచ్చిండు?"

"నేను సుత అడిగిన. నువ్వు పొగల కండ్లు తుడుసుకుంట ఫోన్ల మాట్లాడుతవట. అవ్వ దగ్గు ఫోన్ల ఇనవడ్తదట. గంతే అన్నడు."

శ్యామల కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్వేదా తాను? ఆ మనిషి భయంతో చెమటలు కక్కుతూ వాకిట్లో ఒక్కడే నిలబడి ఉంటే, లోపల తాను పప్పు తాలింపు వేస్తూ అలిగి కూర్చుంది. తన మీద మోజు తీరిందని నాలుగేళ్లు కుమిలింది. ఆ నలభై అయిదు రోజుల్లో ఒక్క పూట, ఒక్క పూట వెనక్కి ఇస్తే చాలు, పొయ్యి ఆర్పేసి వాకిట్లోకి పోయి ఆ చల్లని చేతులను తన చేతుల్లోకి తీసుకునేది. ఆ ఒక్క పూట కోసం ఆమె ప్రాణం కొట్టుకుపోయింది.

లేచి నిలబడింది.

"కొయ్" అంది.

జాన్ తీగ కోసి పైపు తీసేశాడు. పాత ముడి ఆమె అరచేతిలో పెట్టాడు. ఆమె అక్కడితో ఆగలేదు. కొంగు బిగించి సంచుల దగ్గరికి పోయింది.

"శుక్రవారం పూట పసుపు ఇల్లు దాటిస్తవా?" అని లసుమవ్వ నోరు తెరిచింది.

"ఇల్లు దాటదు అత్తా, పక్క అర్రలకే. నువ్వు గీ కొస పట్టు."

అత్త పట్టింది. జాన్ పట్టాడు. పదకొండు సంచులూ జరిపి, బల్ల తీసి, తుప్పు పట్టిన మేకులు ఒక్కొక్కటే పెరికారు. కిటికీ రెక్కలు మొరాయించి, మొరాయించి, చివరికి విసురుగా తెరుచుకున్నాయి. నాలుగేళ్ల పసుపు దుమ్ము వెలుతురులో లేచి మెల్లగా బయటికి పోయింది. అవతల వీధి, వేపచెట్టు, దూరంగా గుట్ట మీది నల్లరాళ్లు. శ్యామల దీపను ఎత్తుకొచ్చి కిటికీ ముందు కూర్చోబెట్టింది. పిల్ల నోరు తెరిచి గాలి పీల్చింది. ఒకసారి దగ్గింది. మళ్లీ పీల్చింది.

"అమ్మా, మన వంటింట్లకెల్లి గుట్ట కనవడ్తదా!" అంది.

జాన్ కొత్త పైపు ఎక్కించి, ఈసారి క్లిప్పులతో బిగించి, సబ్బు నీళ్లు పోసి చూపించాడు. ఒక్క బుడగ లేవలేదు. "రెండేండ్లకు మారుస్తివా సరే, లేకుంటె నేనే వచ్చి కోస్త" అని సంచి సర్దుకున్నాడు. రెండు రోజులు కిటికీ మూయొద్దనీ, పొయ్యి మండుతున్నంత సేపు ఎప్పుడూ మూయొద్దనీ దీపకు చెప్పాడు, తల్లికి చెప్తే లాభం లేదన్నట్టు. మూడో మనిషి సంగతి మళ్లీ ఎత్తలేదు. ఆమె కళ్లలోకి చూడకుండానే బయటికి పోయాడు.

శ్యామల అరచేతిలో తీగ ముడి మిగిలింది. ఆయనది కాదని తెలిశాక పారేయాల్సిందే. పారేయబుద్ధి కాలేదు. కిటికీ గూట్లో పెట్టింది.

*

పని అంతా తెమిలేసరికి రెండు గంటలయింది, అప్పుడే సెల్లు మోగింది. శుక్రవారం అక్కడ సెలవు. శ్యామల కిటికీ దగ్గర నిలబడే ఎత్తింది.

"బువ్వ తిన్నరా?" భూమేష్ ఎప్పుడూ అట్లాగే మొదలుపెడతాడు. "దీపకెట్లున్నది? అమ్మ మంచిగున్నదా?"

"వంటింటి కిటికీ తెరిచిన" అంది శ్యామల.

"మంచిగ చేసినవ్."

"పైపు సుత మార్పించిన."

 అవతల ఎక్కడో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు.

"ఎవలు మార్చిండ్రు?"

"జాన్."

"మరి... గా ముడి?"

"ఎవల ముడి వాళ్లే ఇప్పిండ్రు." అనుకున్నదానికంటే ఆమె గొంతు మెత్తగా వచ్చింది. "నేను నవ్వుతననుకున్నవా? నవ్వుతననే నా కాడ దాచినవా? నలభై అయిదు దినాలు వాకిట్ల ఒక్కనివే నిలవడ్డవ్. నన్నొక్క కేక ఎయ్యకపోతివి."

 అవతల భూమేష్ ఊపిరి వినిపిస్తోంది. ఆ ఊపిరి వినడానికే ఆమె ఎన్ని శుక్రవారాలు ఎదురు చూసిందో!

"నువ్వు రా" అంది. "పొయ్యి నేను ముట్టిస్త. నువ్వు దూరం వాకిట్ల కూసో. వంటయినంక పొయ్యి ఆర్పి, బువ్వ నేను ఆడికే తెస్త. ఇద్దరం ఆన్నే తిందం. లైటరు చప్పుడు నీ చెవుల పడనియ్య. నువ్వు ఊకె రా."

 కిటికీ బయట, వేపచెట్టు కింద జాన్ ఇంకా ఉన్నాడు. మోపెడ్ ఒక పట్టాన స్టార్టు కాక పెడలు తొక్కుతున్నాడు.

"జాన్ ఇంకేం చెప్పిండు?" అన్నాడు భూమేష్.

ముగ్గురం ఉంటిమి, ఇద్దరం బయటికొచ్చినం. శ్యామలకు ఆ మాటే గుర్తుకొచ్చింది. ఇంకేం చెప్పలేదు అంటే సరిపోయేది, నిజం కూడా అదే. కానీ అట్లా అంటే భూమేష్ ఊపిరి పీల్చుకుని, పసుపు ధర సంగతి ఎత్తి, ఎప్పటిలాగే ఫోను పెట్టేస్తాడని ఆమెకు తెలుసు. మళ్లీ ఇంకో శుక్రవారం, మళ్లీ ఇంకో ఏడు. ఇన్నాళ్లు ఆయన దాచాడు, ఈ ఒక్కసారి తాను అబద్ధమాడితే ఏం పోతుంది?

"అంతా చెప్పిండు" అంది.

కొత్తగా తెరిచిన కిటికీలోంచి ఆ మాట వీధిలోకి పోయింది. జాన్ పెడలు మీది కాలు ఆగిపోయింది. గిరుక్కున తిరిగి, రెండు చేతులూ ఎత్తి, వద్దు వదినె వద్దు అన్నట్టు ఆడించాడు.

ఫోనులో ఏదో కింద పడ్డ చప్పుడు. ఆ తర్వాత ఆమె ఎన్నడూ వినని చప్పుడు వినబడింది. భూమేష్ ఏడుస్తున్నాడు.

"అంతా తెలిసినంక సుత" అన్నాడు, ఒక్కో మాటా కూడదీసుకుంటూ, "నన్ను ఇంటికి రమ్మంటున్నవా, శ్యామలా?"